రేనాటి చోళులు - మన యూరి రాళ్లు



రాజుల చరిత్ర చెప్పుమనగా ఉపన్యాసకులు సాధారణముగా అశోకునితోనో, శ్రీకృష్ణదేవరాయలతోనో మొదలిడుదురు. వారి కీర్తి గొప్పది, వినువారికిని ఉత్సాహము. నేడు నేను చెప్పబోవు రాజులకు అట్టి కీర్తి లేదు. బడిపుస్తకములలో వీరికి దొరికిన చోటు ఒకటి రెండు పంక్తులు. ఎద్దులబండిపై బయలుదేరిన బాటసారి వీరి రాజ్యమును కొలది దినములలోనే దాటిపోగలడు. అయినను తెలుగు మాటాడు ప్రతివాడును వీరికి ఋణపడి యున్నాడు. వీరే రేనాటి చోళులు. వీరి నేల మన నేలయే. పెన్న, కుందేఱు, చిత్రావతి, పాపఘ్ని పాఱుచున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కమలాపురము, పులివెందుల ప్రాంతములు నాటి రేనాటిలోనివి.

మొదట నా సొంత మాట యొకటి మనవి చేసికొందును. నేను మైదుకూరివాడను. చిన్నతనమున మా తాతగారితో బండిమీద ప్రొద్దుటూరి వైపు పోవుచుండగా దారిలో నొక పల్లెయొద్ద నీళ్లకు ఆగితిమి. బావి గట్టున నొక నల్లని బండ పఱచియుండెను. దానిమీద గుడ్డలు ఉతుకుచుండిరి. నేను పరుగున పోయి ఆ బండ నెక్కబోగా తాతగారు చేయి పట్టి వెనుకకు లాగి, "నాయనా! దానిమీద అక్షరములున్నవి, కాలు పెట్టకుము" అనిరి. నీళ్లు చల్లి తుడిచి చూపగా గీతలవలె ఏవో లిపులు కనబడినవి. తాతగారికిని అవి చదువరాలేదు. పెద్దవాడనై కొంత చదువుకొని, శాసనములపై ఆసక్తి పుట్టి, ముప్పది యేండ్లకు మఱల ఆ పల్లెకు పోయితిని. బావి పూడిపోయినది. బండ లేదు. బాటకు తూము కట్టినప్పుడు పగులగొట్టి వేసిరని ఒక ముసలాయన చెప్పెను. ఆ రాతిమీద ఏ రాజు పేరుండెనో, ఏ పొలము ఎవరికి ఇచ్చిరో, ఇక ఎవరును చెప్పజాలరు. ఆ దినమునుండి ఈ చిన్న రాజుల సంగతి నాకు పుస్తకములోని విషయముగా కాక ఇంటి విషయముగా తోచుచున్నది.

రేనాడు అను పేరు ఎట్లు వచ్చెను? రేగడి నేల గల నాడు గనుక రేనాడైనదని కొందఱు పెద్దలందురు. సంస్కృత శాసనములలో దీనిని హిరణ్యరాష్ట్రమనిరి. శాసనములలో దీని పేరు వెంట ఏడువేలు అను సంఖ్య తఱచుగా కనబడును. ఆ సంఖ్య గ్రామముల లెక్కయా, రాబడి లెక్కయా యను విషయమున పండితులకు భేదాభిప్రాయములు కలవు. ఏదైనను లెక్కకట్టి ఏలిన నాడు ఇది. అడవి మనుష్యుల దండు కాదు.

ఈ వంశమువారి పుట్టుపూర్వోత్తరములను మాలేపాడున దొరికిన తామ్రశాసనము తెలుపుచున్నది. మాలేపాడు పాత కమలాపురము తాలూకాలోని గ్రామము. హె. కృష్ణశాస్త్రిగారు ఆ రేకులను చదివి 1911-12 సంవత్సరముల సంపుటమున ప్రకటించిరి. వానిని బట్టి, కాశ్యపగోత్రజుడగు నందివర్మ యను రాజునకు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయవర్మ యని ముగ్గురు కుమారులు. ధనంజయుని కుమారుడు మహేంద్రవిక్రమవర్మ. అతని కుమారులు గుణముదితుడును, పుణ్యకుమారుడును. తాము సూర్యవంశపు వారమనియు, కావేరి పొంగునకు కట్టలు వేయించిన కరికాల చోళుని సంతతివారమనియు వీరు చెప్పుకొనిరి. మహేంద్రవిక్రముడు పాండ్య కేరళములకు సైతము ప్రభువని ఆ రేకులలో వ్రాయబడినది. పెన్న యొడ్డున నుండి కేరళము నేలుట యెట్లో మనకు తెలియదు. చిన్న రాజులకు పెద్ద బిరుదులు ప్రియములు. పల్లెలో ఇరువది యెకరముల ఆసామి తన తాత నూఱు నాగళ్లు కట్టెనని చెప్పుకొనుట మనము వినలేదా?

ఈ మహేంద్రవిక్రమునకు ముదితశిలాక్షరుడు అను బిరుదు కూడ నుండెను. శిలమీది అక్షరములు చూచి సంతోషించువాడని దానికి అర్థము చెప్పవచ్చును. కేరళ ప్రభుత్వమును గూర్చి సందేహింతుము గాని, ఈ బిరుదును మాత్రము నేను సంపూర్ణముగా నమ్ముచున్నాను. ఏల యనగా ఆ వంశమువారి శిలాక్షరములు నేటికిని మన యెదుట నిలిచియున్నవి.

వీరి కాలపు పరిస్థితి కొంచెము తలచుకొందము. పడమట బాదామి చాళుక్యులు, దక్షిణమున కంచి పల్లవులు. ఇరువురును మహాబలవంతులు, ఆజన్మవైరులు. చాళుక్య రెండవ పులకేశి పల్లవ రాజ్యముమీద దండెత్తెను. 642లో పల్లవ నరసింహవర్మ బాదామిని పట్టుకొనెను. అటుపిమ్మట చాళుక్య విక్రమాదిత్యుడు పగ తీర్చుకొనెను. ఈ రెండు ఏనుగుల పోరాటమునకు నడుమ నున్న నేల రేనాడు. అట్టి చోట నున్న చిన్న రాజు బ్రతుకవలె ననిన కంటికి నిద్ర యుండరాదు. సింహవిష్ణువు, మహేంద్రవిక్రముడు అను పేర్లు పల్లవ రాజుల పేర్లే. పుణ్యకుమారుడు ధరించిన పిడుగు బిరుదు కూడ పల్లవ మహేంద్రుని పగాపిడుగు బిరుదును తలపించుచున్నది. కావున మొదట వీరు పల్లవులకు లోబడియుండిరనియు, పిమ్మట చాళుక్యుల నీడలోనికి వచ్చిరనియు చరిత్రకారులు తలంతురు. ఎవరి కప్పము ఎవరికి చెల్లించినను, రేనాటి పొలములకు గట్లు నిర్ణయించినవారును, దానములు చేసినవారును వీరే.

ఇక అసలు విషయమునకు వత్తును. ఎఱ్ఱగుంట్లకును ముద్దనూరునకును నడుమ కలమళ్ల యను గ్రామము కలదు. మీలో పలువురు ఎఱుగుదురు. నేడు అచ్చట రాయలసీమ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు దూరమునుండియే కనబడును. ఆ యూరి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో నొక రాతికంబము కలదు. 1904లో శాసనశాఖవారు దానిని గుర్తించి నకలు తీసిరి. అందు కొంత భాగము చెదరిపోయినది. మిగిలిన దానిలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుచున్న కాలమని స్పష్టముగా నున్నది. కాలము సుమారు 575. నేటివఱకు దొరికిన శాసనములలో పూర్తిగా తెలుగున వ్రాయబడిన మొదటి శాసనము ఇదియే యని పండితులలో పెక్కుమంది యభిప్రాయము. దీనికి దగ్గఱి కాలముదే ఎఱ్ఱగుడిపాడు శాసనము. తరువాతివి తిప్పలూరు, చిలమకూరు మొదలగు ఊళ్లవి. ప్రొద్దుటూరి రామేశ్వరమున పుణ్యకుమారుని స్తంభశాసనము కలదు. వీనిలో పెక్కింటిని నీలకంఠశాస్త్రిగారును, వేంకటరామయ్యగారును కలిసి పరిష్కరించి 1947-48 సంపుటమున వెలువరించిరి.

అంతకు పూర్వము మన దేశమున రాజులు లేరా? శాతవాహనులుండిరి, ఇక్ష్వాకులుండిరి. వారు ప్రాకృతమున వ్రాయించిరి. శాలంకాయనులు, విష్ణుకుండినులు సంస్కృతమున వ్రాయించిరి. వానిలో తెలుగు ఊరిపేర్లు, ఒకటి రెండు తెలుగు మాటలు అక్కడక్కడ తొంగిచూచును, అంతే. పెద్ద రాజులెవరును మొదట చేయని పనిని ఈ చిన్న రాజులు చేసిరి. ఇది యెట్లు జరిగెను?

దీనికి ఉత్తరము వారి శాసనములలోనే కలదని నా నమ్మకము. పుణ్యకుమారునే చూడుడు. మాలేపాడు రేకులును, జమ్మలమడుగు తాలూకా దొమ్మర నంద్యాల రేకులును అతనివే. అవి సంస్కృతమున నున్నవి. అతని తిప్పలూరి రాతిశాసనము తెలుగున నున్నది. రాజు ఒక్కడే, భాషలు రెండు. రాగిరేకు దానము పుచ్చుకొన్న పండితుని పెట్టెలో నుండునది. అందు వంశావళి, బిరుదులు, శ్లోకములు అతని గౌరవమునకు తగినట్లు సంస్కృతమున నుండవలెను. రాయి యట్లు కాదు. అది ఊరిలో, గుడియెదుట, పొలముగట్టున పదిమంది కన్నుల యెదుట నిలుచునది. ఈ పొలము ఇంతవఱకు వీనిది, దీనిని ఆక్రమింపరాదు అని చెప్పవలసినది పండితునకు కాదు, ఇరుగుపొరుగు రైతునకు. అతనికి చదువు రాకపోయినను, చదువు వచ్చిన యొకడు పైకి చదివినప్పుడు విని తెలిసికొనవలెను. ఏ భాషలో పంచాయతి జరుగునో ఆ భాషలో రాయి మాటాడవలెను. చక్రవర్తికి ఊరు కనబడదు. చిన్న రాజునకు ఊరే రాజ్యము. అందువలననే తెలుగు రాతికెక్కెను.

ఎఱ్ఱగుడిపాటి శాసనమున ముత్తురాజు ఒక బ్రాహ్మణునకు పన్నస యిచ్చెను. పన్నస యనగా దానముగా నిచ్చిన భూమి. ఆ దానమునకు ఇతర ముత్తురాజులును, ఒక దుగరాజును సాక్షులు. దుగరాజనగా యువరాజని విద్వాంసుల వివరణము. నేటి రిజిస్ట్రీ కాగితమున ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు, ఆస్తి, సాక్షులు ఉండవలెను గదా. ఆ నాలుగును పదునాలుగు వందల యేండ్ల నాడే ఆ చిన్న రాతిమీద నున్నవి. చిలమకూరి శాసనమున రాణి ఎళంచోళ మహాదేవి తానే పన్నస యిచ్చినట్లు కలదు. స్త్రీ పేరుతో దానము సాగిన నాడు అది. ఆ దానములను చెఱచినవానికి పంచమహాపాతకములు చుట్టుకొనునను శాపము కూడ ఈ రాళ్లలో వినబడును. నాటి పోలీసును, కోర్టును ఆ శాపమే.

ఆ భాష మనకు తెలియునా యని మీరడుగవచ్చును. కొంత తెలియును, కొంత తెలియదు. ఏడు అని మనము పలుకు సంఖ్యను నాడు నాలుక మడిచి వేఱొక ధ్వనితో పలికిరి. ఆ ధ్వనికి ప్రత్యేకముగా నొక అక్షరముండెను. మన నాలుక దానిని విడిచినది, అరవమువారు నేటికిని నిలుపుకొనిరి. అయినను ఎఱ్ఱగుడిపాటి రాతిమీద ఇచ్చిన అను మాట అచ్చముగా ఇచ్చిన అనియే యున్నది. పదునాలుగు వందల యేండ్లలో ఎందఱో రాజులు వచ్చిరి, పోయిరి. ఆ మాట మాత్రము చెక్కు చెదరలేదు. రాజును ఒక్కడైనను బహువచనముతో రాజులు అని గౌరవించుట కూడ ఆ రాళ్లమీద నున్నది. పెద్దలను మీరు, వారు అని మనము పిలుచుట నిన్న మొన్న నేర్చినది కాదు.

సుమారు 640 ప్రాంతమున చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు ధాన్యకటకమునుండి కంచికి పోవు త్రోవను వర్ణించుచు చుళియ యను దేశమును పేర్కొనెను. అది రేనాటి చోళుల దేశమే యని పలువురు చరిత్రకారుల తలంపు. అతడు వ్రాసినది మనకు ప్రీతికరము కాదు. జనము తక్కువ, బీళ్లు, అడవులు ఎక్కువ, దోపిడిగాండ్రు బాహాటముగా తిరుగుదురు అని అతని మాటల సారము. మన సీమకు చెడ్డపేరు పుట్టి చాల యేండ్లయినదని నవ్వుకొనవలసినదే. కాని దాదాపు అదే కాలమున ఈ నేలమీదనే సాక్షులతో దానపత్రములు రాతికెక్కుచుండెను. బాటసారి చూచినది బాట. ఊరి లోపల నున్న కట్టుబాటు అతనికి కనబడలేదు. దానిని మనకు చూపినవి రాళ్లే.

ఇట్టి సంగతి మన నాటనే జరిగినదనుకొనవలదు. భూగోళమునకు ఆవలి ప్రక్కను, ఇంచుమించు అదే కాలమున, ఇట్టి చిన్న రాజులే యుండిరి. ఇంగ్లండునకు పడమట వేల్సు అను కొండలసీమ కలదు. సుమారు 410 ప్రాంతమున రోమనులు బ్రిటనును విడిచిపోయిన పిమ్మట ఆ కొండలలో గ్వినెద్, పొవిస్, దివెద్ మొదలగు చిన్న చిన్న రాజ్యములు లేచినవి. గ్వినెద్ రాజగు కద్వాను సమాధిరాయి సుమారు 625 నాటిది. అందు అతడు రాజులందఱిలోను మిక్కిలి జ్ఞాని, మిక్కిలి కీర్తిమంతుడు అని లాటిను భాషలో చెక్కించిరి. చూచితిరా! మన మహేంద్రవిక్రముని బిరుదులకును దీనికిని ఎంత పోలిక! తరువాత తావిన్ అను ఊరి చర్చిలోని రాతిమీద మొదటిసారిగా వారి యింటి భాషయగు వెల్షు శాసనముగా చెక్కబడినది. వారికి తావిన్ రాయి యెట్టిదో మనకు కలమళ్ల రాయి అట్టిది.

పొవిస్ రాజగు కింగెను అనువాడు తొమ్మిదవ శతాబ్దిలో తన ముత్తాత ఎలిసెగు పేర నొక స్తంభము నాటించెను. ఎలిసెగు శత్రువులనుండి రాజ్యమును మఱల గెలిచినవాడు. ఆ స్తంభముమీద తమ వంశమును 383లో బ్రిటనునందు చక్రవర్తిగా ప్రకటించుకొన్న రోమను సేనాని మాక్సిమసు వఱకు ఎక్కించిరి. మన రాజులకు కరికాలుడు, వారికి మాక్సిమసు. చిన్న చెట్టు తన వేరు పెద్ద మఱ్ఱిదని చెప్పుకొనుట లోకస్వభావము. కింగెను రోమునకు పోయి అచ్చటనే 854 ప్రాంతమున మరణించెను. అతనితో ఆ శాఖ అంతరించినది.

ఆ స్తంభమునకు పట్టిన గతి మీరు వినవలెను. పదునేడవ శతాబ్దిలో అది కూలి విఱిగెను. 1696లో ఎడ్వర్డు లుయిద్ అను విద్వాంసుడు పోయి, మిగిలిన అక్షరములను ఓపికతో చదివి కాగితముమీద ఎక్కించుకొనెను. 1779లో విఱిగిన ముక్కను మఱల నిలిపిరి. నేడు ఆ స్తంభము నిలిచియే యున్నది గాని దానిమీది అక్షరములు వాన గాలులకు అరిగి చదువుటకు వీలులేకున్నవి. ఎలిసెగు పేరును, అతని వంశక్రమమును నేడు మనము చెప్పుకొనుచున్నామనిన, అది ఆ యొక్క మనుష్యుడు చేసిన నకలు పుణ్యము.

మనకును అట్టి పుణ్యాత్ములు లేకపోలేదు. 1800లో మన జిల్లాలు నిజామునుండి కుంపిణీవారికి దత్తమైన పిమ్మట కాలిన్ మెకంజీ అను సర్వేదారు మనుష్యులను ఊరూరికి పంపి కైఫీయతులు వ్రాయించెను. అవి చెడిపోవుచుండగా, కడపలో కాపురముండిన బ్రౌనుదొర వానికి నకళ్లు తీయించెను. ఆ కైఫీయతులకు మాటలిచ్చినవారెవరు? ఆయా ఊళ్ల కరణములు, రెడ్లు, పెద్దలు. అనగా మీవంటివారే. దొరలు కాగితము తెచ్చిరి. జ్ఞాపకము మన ముత్తాతలది.

రేనాటి చోళుల కడపటి కథ క్లుప్తముగా చెప్పెదను. మాలేపాటి రాతిశాసనమున సత్యాదిత్యుడను చోళ మహారాజు సిద్ధివేయియు, రేనాడు ఏడువేలును ఏలినట్లు కలదు. సిద్ధివేయి యనగా సిద్ధవటపు ప్రాంతమని పలువురి తలంపు. కొంతకాలమునకు వారి బలము తగ్గినది. బాణులు వచ్చిరి. వైదుంబులు వచ్చిరి. మదనపల్లె దాపున చిప్పిలి ముఖ్యస్థానముగా గల వైదుంబులలో గండత్రినేత్రుడు రేనాడు ఏడువేలకు ప్రభువై, సోరెమడి యుద్ధమున పోరాడెను. ఆ యుద్ధమున మడిసిన వీరులకు వేసిన వీరగల్లులు నేటికిని ఆ ప్రాంతమున కలవు. కరికాలుని పేరు చెప్పుకొను తెలుగు చోళశాఖలు మాత్రము పొత్తపిలోను, నెల్లూరిలోను చాలకాలము నిలిచినవి. పదుమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి నాశ్రయమిచ్చి నిలిపిన మనుమసిద్ధి ఆ నెల్లూరి చోళుడే. మొదట తెలుగును రాతికెక్కించినవారును, పిమ్మట తెలుగు భారతకర్తను పోషించినవారును ఒకే కరికాలుని పేరు చెప్పుకొనినవారగుట తలచుకొన్నప్పుడు నాకు ఒడలు పులకరించును.

2008లో మన భాషకు ప్రాచీనభాష యను హోదా లభించినది. దానికై వాదించినవారు చూపిన సాక్ష్యములలో ఈ కడప జిల్లా రాళ్లకు పెద్దపీట. పెద్ద నగరములలోని పెద్ద మనుష్యులు వాదించిరి. సాక్షులు మాత్రము మన పల్లెలలోని గుడిముంగిటి రాళ్లు. ఒక వ్యాజ్యమున సాక్షి నోరు మూసినచో న్యాయవాది యేమి చేయగలడు?

కావున పెద్దలారా, నేను కోరునది స్వల్పము. మీ యూరి గుడియొద్ద, చెఱువుకట్టమీద, రచ్చబండక్రింద, పాడుబడిన కోటగోడలో అక్షరములు గల రాయి యున్నదేమో యొకసారి చూడుడు. ఉన్నచో దానిపై సున్నము, రంగు పూయనీయకుడు. గుప్తధనము గుర్తని చెప్పి త్రవ్వువారిని దగ్గఱకు రానీయకుడు. గుడి బాగుచేయునపుడు పాతరాళ్లను ముక్కలు చేసి పునాదికి వేయు మేస్త్రికి ముందుగానే చెప్పుడు. శాసనశాఖవారికి ఒక కార్డు వ్రాసినను చాలును. చదువుకొన్న మనుమడుండినచో ఏటవాలు వెలుతురులో నాలుగు ఫొటోలు తీయించుడు. రాయి పోయినను నకలు మిగులును. ఎలిసెగు స్తంభము చెప్పు పాఠమిదియే.

ఆ రాజులు తమ మాటను కంచికిని, బాదామికిని అప్పగింపలేదు. ఊరికి అప్పగించిరి. తమ కోటలు ఏమైనవో, ఎరికల్ ఎచ్చటనో నేడు ఎవరికిని ఎఱుకలేదు. ఊరు మాత్రము ఆ మాటను పదునాలుగు వందల యేండ్లు కాపాడినది. తెలిసి కొంత, తెలియక కొంత. మా తాతగారికి ఆ బండమీది లిపి చదువరాలేదు. అయినను అక్షరముమీద కాలు పెట్టరాదని ఆయనకు తెలిసియుండెను. ఆ తెలివి మన తరములో పోకుండుగాక!